ఎండోక్రైన్ శస్త్రచికిత్సల కోడింగ్: విశాఖ కోడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకానగర్‌లో శిక్షణ పూర్తి చేసుకుని రుషికొండ, మధురవాడ వైపు ఉద్యోగాల్లో చేరుతున్నవారు ఎండోక్రైన్ (హార్మోన్ల గ్రంథుల) అధ్యాయాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఎముకలు, కండరాల అధ్యాయంతో పోలిస్తే ఇది నాలుగు కోడ్ల వ్యవహారమే కదా అనిపిస్తుంది. ఆడిట్‌కు కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడ ఒక కోడ్‌కూ దాని పక్క కోడ్‌కూ ఉన్న తేడా ఆపరేషన్ నోట్ మధ్య పేరాల్లో ఉంటుంది. శీర్షిక చూసి కోడ్ వేసే అలవాటు ఉన్నవారికి ఈ అధ్యాయం అచ్చిరాదు. కింద ఉన్న సమాధానాలన్నీ అమెరికా క్లెయిముల కోడింగ్ గురించినవే, అంటే అక్కడి ఆపరేషన్ నోట్లు చదివి బీమా బిల్లుకు కోడ్లు వేసే పని గురించి.

సీపీటీలో ఎండోక్రైన్ విభాగం కిందికి ఏయే గ్రంథులు వస్తాయి?

సీపీటీ అంటే వైద్యులు చేసిన పనులకు వేసే కోడ్ల పుస్తకం. అందులో 60000 నుంచి 60699 వరకు ఉన్న కోడ్లు ఈ విభాగానివి. థైరాయిడ్, పారాథైరాయిడ్, థైమస్, అడ్రినల్ గ్రంథులతో పాటు మెడలోని కెరోటిడ్ బాడీ కూడా ఇందులో ఉంటుంది. బైపీసీలో వినాళ గ్రంథులంటూ బట్టీపట్టిన జాబితాను ఇక్కడికి తెచ్చుకోకండి. పీయూష గ్రంథిలో కణితి తీస్తే ఆ కోడ్ నాడీ వ్యవస్థ విభాగంలో దొరుకుతుంది: పుర్రె తెరిచి చేస్తే 61546, ముక్కు ద్వారా చేస్తే 61548, అదే దారిలో ఎండోస్కోపుతో చేస్తే 62165. క్లోమం జీర్ణవ్యవస్థలో 48000 వరుసలో ఉంటుంది. అండాశయాలు, వృషణాలు పునరుత్పత్తి విభాగాల్లో ఉంటాయి. ఏ గ్రంథి హార్మోను ఇస్తుందన్నది సీపీటీకి ముఖ్యం కాదు. సర్జన్ చెయ్యి ఎక్కడ పెట్టాడన్నదే ముఖ్యం.

కేజీహెచ్‌లోనో, ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రిలోనో థైరాయిడ్ ఆపరేషన్ జరిగితే ఈ కోడ్లే వేస్తారా?

వేయరు. సీపీటీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు. 1966లో మొదటిసారి అచ్చయింది, ఇప్పుడు అమెరికా వైద్యుల బిల్లులకు అదే ఆధారం. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద, అంటే ఒకప్పటి ఆరోగ్యశ్రీ కింద, జరిగే ఆపరేషన్లకు ఆ పథకం సొంత ప్యాకేజీ కోడ్లు ఉన్నాయి. ఆయుష్మాన్ భారత్‌కు వేరే ప్యాకేజీల పట్టిక ఉంది. ప్రైవేటు ఆరోగ్య బీమా క్లెయిము ఫారంలో ఆసుపత్రి నింపే భాగంలో మాత్రం ఐసీడీ-10 (రోగనిర్ధారణ) కోడ్లకూ, పీసీఎస్ (ఆపరేషన్) కోడ్లకూ గడులు కనిపిస్తాయి. అందువల్ల ఇక్కడి బీమా డెస్కులో పనిచేసేవారికి రోగనిర్ధారణ కోడ్లు పనికొస్తాయి. థైరాయిడ్ మొత్తం తీయడానికి సీపీటీలో ఉన్న 60240 మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

నోట్‌లో ‘టోటల్ థైరాయిడెక్టమీ’ అని ఉంటే 60240 వేస్తే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. సరిపోని సందర్భాలే ఆడిటర్ చేతికి చిక్కుతాయి. ఒక నమూనా నోట్ చూడండి. శీర్షికలో టోటల్ థైరాయిడెక్టమీ అని ఉంది. రెండో పేరాలో పాత మచ్చ మీదుగానే కోత పెట్టామని రాశారు. తర్వాతి పేరాలో కుడి వైపు గ్రంథి లేదనీ, కండరాలు అతుక్కుపోయి ఉన్నాయనీ, ఎడమ లోబునూ (గ్రంథిలో ఒకవైపు భాగం), రెండు లోబులనూ కలిపే ఇస్తమస్‌నూ పూర్తిగా తీశామనీ ఉంది. రోగి చరిత్రలో కొన్నేళ్ల కిందట కుడి లోబు తీసిన మాట ఒక్క వాక్యంగా కనిపిస్తుంది. దీనికి 60240 తప్పు. ముందు కొంత భాగం తీసేశాక మిగిలిన గ్రంథి అంతా తీసినప్పుడు వేయాల్సింది 60260. సర్జన్ దృష్టిలో ఇప్పుడు గ్రంథి మొత్తం పోయింది కాబట్టి ఆయన ‘టోటల్’ అన్నాడు. మనం ఈ రోజు జరిగిన పనికి కోడ్ వేస్తున్నాం.

ఇంకో రకం నోట్ కూడా తరచుగా వస్తుంది. ఒక లోబు తీసి, రోగి బల్ల మీద ఉండగానే ఫ్రోజన్ సెక్షన్‌కు (అప్పటికప్పుడు చేసే కణజాల పరీక్షకు) పంపుతారు. క్యాన్సర్ అని ఫలితం రాగానే రెండో లోబు కూడా తీసేస్తారు. కొత్త కోడర్లు మొదటి లోబుకు 60220, రెండోదానికి 60260 వేసేస్తారు. ఇదంతా ఒకే సిట్టింగ్‌లో జరిగింది. ముందు ఆపరేషన్ అంటూ ఏదీ లేదు. 60240 ఒక్కటే చాలు. శోషరస కణుపులు కూడా తీసి ఉంటే దాని సంగతి వేరు, కింద చూడండి.

60200కూ 60210కూ తేడా కూడా ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. కేవలం తిత్తినో, అడినోమానో ఒలిచి తీస్తే, లేదా ఇస్తమస్‌ను కోసి విడదీస్తే 60200. లోబులో కొంత భాగాన్ని గడ్డతో సహా కోసి తీస్తే 60210. లోబు మొత్తం పోతే 60220. ఒకవైపు లోబు కొంతే తీసి, రెండో వైపు చాలా భాగం తీసి, ఇస్తమస్ కూడా తీస్తే 60212. మొదటి వైపు లోబు మొత్తం తీస్తే 60225. నోట్ చదువుతూ పక్కన కాగితం మీద రెండు లోబులూ గీసి, తీసిన భాగాన్ని గళ్లు కొట్టుకోండి. కొత్తవారికి అంతకు మించిన ఉపాయం నేను చెప్పలేను.

రెండు లోబులూ తీశారు. 60220కి 50 మోడిఫయర్ పెట్టవచ్చా?

వద్దు. మోడిఫయర్ అంటే కోడ్ పక్కన చేర్చే గుర్తు, 50 అంటే రెండు వైపులా చేశారని. 60220 ఒకవైపు లోబుకు ఉద్దేశించింది. రెండూ పూర్తిగా తీస్తే దానికంటూ 60240 ఉంది. ఉన్న కోడ్‌ను వదిలేసి మోడిఫయర్‌తో అతుకు వేయకూడదు. 60260 విషయంలో మాత్రం మిగిలిన కణజాలాన్ని రెండు వైపులా తీస్తే 50 వేయవచ్చని సీపీటీయే చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి గుర్తుపెట్టుకుని చాలామంది తికమకపడతారు.

క్యాన్సర్ అని పాథాలజీలో వచ్చింది. అప్పుడు 60252 వేయాలా?

క్యాన్సర్ ఒక్కటే చాలదు. 60252 వేయాలంటే క్యాన్సర్ కోసం గ్రంథి తీయడంతో పాటు మెడలో పరిమితంగానైనా కణుపుల డిసెక్షన్ (విడదీసి తీయడం) జరగాలి. సాధారణంగా అది గ్రంథి చుట్టూ ఉన్న మధ్య భాగం, సర్జన్లు ఆరో లెవెల్ అనేది. పూర్తిస్థాయి రాడికల్ డిసెక్షన్ జరిగితే 60254. కణుపుల ఊసే లేకుండా గ్రంథి మాత్రమే తీస్తే, పాథాలజీలో ఏమొచ్చినా 60240తోనే ఆగాలి. పక్కన థైరాయిడ్ క్యాన్సర్ కోడ్ సీ73 రోగనిర్ధారణగా వెళుతుంది.

గొడవంతా పక్క మెడ దగ్గర వస్తుంది. రాడికల్ డిసెక్షన్‌లో కణుపులతో పాటు స్టెర్నోమాస్టాయిడ్ కండరం, లోపలి జుగ్యులర్ సిర, స్పైనల్ యాక్సెసరీ నాడి కూడా తీసేస్తారు. వీటిలో ఒక్కటి మిగిల్చినా అది మోడిఫైడ్ రాడికల్. నోట్‌లో ‘సిరనూ నాడినీ గుర్తించి కాపాడాం’ అని రాసి, శీర్షికలో ‘రాడికల్’ అని ఉంటే శీర్షికను నమ్మకండి. థైరాయిడ్ కాకుండా విడిగా చేసే మోడిఫైడ్ డిసెక్షన్‌కు 38724 అనే సొంత కోడ్ ఉంది. అది థైరాయిడ్ కోడ్‌తో కలిసి వెళ్లగలదా అన్నది ఆ త్రైమాసికపు ఎన్‌సీసీఐ (ఏ కోడ్లు కలిసి వెళ్లకూడదో చెప్పే అమెరికా నియమావళి) జతల పట్టికలోనూ, పేయర్ (డబ్బు చెల్లించే బీమా సంస్థ) నిబంధనల్లోనూ చూసుకున్నాకే పంపండి. టీమ్ లీడర్ నోటిమాట మీద పంపకండి.

గ్రంథి ఛాతీ ఎముక కిందికి దిగిందని రాశారు. వేరే కోడ్ ఉందా?

ఉంది. మెడ దారిలోనే తీస్తే 60271. ఛాతీ ఎముకను చీల్చో, ఛాతీలోంచో తీస్తే 60270. ‘కొంచెం కిందికి జరిగినట్టు అనిపించింది’ వంటి మాట దీనికి చాలదు. స్కాన్‌లోనో, నోట్‌లోనో గ్రంథి ఛాతీ ఎముక వెనక్కు చేరిందనీ, అక్కడి నుంచి విడదీసి పైకి తెచ్చామనీ స్పష్టంగా ఉండాలి.

సూది పరీక్షలకు ఏ కోడ్ అన్నది ఎప్పుడూ గందరగోళమే. తేలికగా చెప్పగలరా?

సూదితో ఏం బయటికి వచ్చిందో చూడండి. కణాలు మాత్రమే లాగితే అది ఎఫ్‌ఎన్‌ఏ, దాని కోడ్ థైరాయిడ్ విభాగంలో ఉండదు. 2019 నుంచి అల్ట్రాసౌండ్ చూస్తూ చేస్తే మొదటి గడ్డకు 10005, తర్వాతి ప్రతి గడ్డకూ 10006. స్కాన్ లేకుండా చేస్తే 10021, తర్వాతివాటికి 10004. 10005లో అల్ట్రాసౌండ్ కలిసే ఉంటుంది కనుక అల్ట్రాసౌండ్ సాయానికుండే 76942 విడిగా వేయకూడదు. లావు సూదితో కణజాలపు ముక్క తీస్తే 60100. తిత్తిలోని నీరు లాగినా, లోపలికి మందు ఎక్కించినా 60300. ఈ రెండింటితో మాత్రం అల్ట్రాసౌండ్ సాయానికి 76942 విడిగా వెళుతుంది, అయితే నోట్‌లో సూదిని చూసిన సంగతి రాసి, బొమ్మ భద్రపరచి ఉండాలి.

పారాథైరాయిడ్ గ్రంథులు మూడు తీశారు. 60500 మూడుసార్లు వేయాలా?

ఒక్కసారే. గ్రంథుల కోసం వెతకడం, ఒకటో నాలుగో తీయడం అంతా 60500లోనే ఉంది. ముందు ఆపరేషన్ అయిన మెడను మళ్లీ తెరిస్తే 60502. ఛాతీ ఎముక చీల్చి మీడియాస్టినంలో (రెండు ఊపిరితిత్తుల మధ్య భాగంలో) వెతికితే 60505. ఆపరేషన్ మధ్యలో పారాథార్మోన్ పరీక్ష చేస్తే అది ప్రయోగశాల లెక్క, 83970. సర్జన్ బిల్లులోకి రాదు.

ఇక్కడ కోడర్లు వదిలేసే డబ్బు ఒకటుంది. థైరాయిడ్ తీస్తుండగా ఒక పారాథైరాయిడ్‌కు రక్తప్రసరణ ఆగి రంగు మారుతుంది. సర్జన్ దాన్ని తీసి, సన్నగా తరిగి, పక్కనే ఉన్న స్టెర్నోమాస్టాయిడ్ కండరంలో చిన్న సంచిలా చేసి పాతిపెడతాడు. నోట్‌లో ఇది రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలకు 60512 ఉంది. ఇది అదనపు కోడ్, ఒంటరిగా వెళ్లదు. 60240, 60252, 60260, 60500 లాంటి ప్రధాన కోడ్ వెంట వెళుతుంది, దానికి 51 మోడిఫయర్ (ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయని చెప్పేది) అక్కర్లేదు. గ్రంథిని గుర్తించి, ఉన్నచోటే కాపాడామని రాస్తే మాత్రం ఏమీ రాదు. అది థైరాయిడ్ తీయడంలో భాగమే.

రోగనిర్ధారణ విషయంలో ఒక జాగ్రత్త. ప్రాథమిక హైపర్‌పారాథైరాయిడిజం (పారాథైరాయిడ్ అతిగా పనిచేయడం) కోడ్ ఈ21.0 (E21.0). మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చినదైతే ఎన్25.81, అది E అక్షరం కింద దొరకదు.

స్వరపేటిక నాడిని మానిటర్‌తో గమనించామని రాశారు. దానికి విడిగా బిల్లు చేయవచ్చా?

ఆపరేషన్ చేస్తున్న సర్జనే చూసుకుంటే చేయకూడదు. అది ఆపరేషన్‌లో కలిసిపోయినట్టే. నాడుల పర్యవేక్షణ కోడ్లు ఆ పనికే కేటాయించిన వేరే వైద్యుడికి. ఈ ఒక్క విషయంలో క్లయింటు నుంచి ఒత్తిడి మెయిళ్లు రావడం మామూలే. నిబంధన వాక్యాన్ని జత చేసి మర్యాదగా జవాబివ్వండి.

అడ్రినల్ ఆపరేషన్లలో ఎక్కువగా ఎక్కడ తప్పుతారు?

కోడ్లు తక్కువే. తెరిచి చేస్తే 60540, పక్కనే ఉన్న రెట్రోపెరిటోనియల్ కణితితో కలిపి తీస్తే 60545, లాపరోస్కోపీతో చేస్తే 60650. గ్రంథిని కొంత తీసినా మొత్తం తీసినా, చూసి ముక్క తీసుకుని వదిలేసినా ఇవే. రోబోతో చేస్తే సీపీటీలో వేరే కోడ్ లేదు, 60650నే వేయాలి.

తప్పు జరిగేది మూత్రపిండం తీసే ఆపరేషన్లో. 60540 పక్కన ఉన్న ‘సెపరేట్ ప్రొసీజర్’ (పెద్ద ఆపరేషన్‌లో భాగంగా చేస్తే విడిగా వేయకూడదని అర్థం) అన్న మాటను చూసీచూడనట్టు దాటేస్తారు. లాపరోస్కోపీ రాడికల్ నెఫ్రెక్టమీ 50545 నిర్వచనంలోనే అడ్రినల్ తీయడం ఉంది. దానితో 60650 వేస్తే ఒకే పనికి రెండుసార్లు డబ్బు అడిగినట్టే. ఇక లాపరోస్కోపీగా మొదలై, రక్తస్రావం వల్ల పొట్ట తెరవాల్సి వస్తే తెరిచిన ఆపరేషన్ కోడ్ మాత్రమే వెళుతుంది. ఆ మార్పును చెప్పడానికి ఐసీడీలో జెడ్53.31 ఉంది.

ఆపరేషన్ అయిన రాత్రే మెడలో రక్తం గడ్డకట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. ఎలా కోడ్ చేయాలి?

థైరాయిడ్ తీసే ఆపరేషన్లకు గ్లోబల్ పీరియడ్ 90 రోజులు. ఈలోపు వచ్చే మామూలు చూపింపులు, డ్రెయిన్ తీయడం, కుట్ల సంగతి అన్నీ ఆ ఒక్క చెల్లింపులోనే ఉంటాయి. అనుకోకుండా మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సి వస్తే 78 మోడిఫయర్. మెడలో ఆపరేషన్ తర్వాతి రక్తస్రావానికి తెరిచి చూడటం 35800. ఈ కోడ్ గుండె, రక్తనాళాల విభాగంలో ఉంటుంది. థైరాయిడ్ పేజీల్లో వెతికి దొరక్క చాలామంది సొంత కోడ్ లేని పనికి వాడే 60699 వేసేస్తారు.

దీన్ని ముందు ఆపరేషన్‌కు కొనసాగింపుగా చేసే పనికి వాడే 58తో కలపకండి. ఒక లోబు తీశాక పాథాలజీలో క్యాన్సర్ తేలి, అదే సర్జన్ నెల తిరక్కుండా రెండో లోబు తీస్తే అది 60260, 58 మోడిఫయర్‌తో. దాంతో కొత్తగా మరో 90 రోజులు మొదలవుతాయి. 78తో కొత్త గడువు మొదలుకాదు. ఆ రోగికే ఈలోపు సంబంధం లేని ఆపరేషన్ చేస్తే 79.

పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా క్లెయిము ఆపాలా?

గడ్డల విషయంలో ఆపడమే మంచిది. డెస్కు మీద లక్ష్యాల ఒత్తిడి ఉంటుంది, నిజమే. కానీ ఒంటరి గడ్డ ఈ04.1, ఎక్కువ గడ్డల గాయిటర్ ఈ04.2, అడినోమా అని తేలితే డీ34, క్యాన్సర్ అయితే సీ73. ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. ఎఫ్‌ఎన్‌ఏలో బెథెస్డా ఐదో వర్గం, అంటే క్యాన్సర్ అనుమానం అని వచ్చినా అవుట్‌పేషెంట్ క్లెయిములో సీ73 వేయకూడదు. అనుమానాన్ని రోగంగా కోడ్ చేస్తే ఆ ముద్ర రోగి బీమా రికార్డులో నిలిచిపోతుంది. ఈ తప్పుకు ఆడిట్‌లో ఎన్ని మార్కులు కోసినా నాకు జాలి కలగదు.

డీ44.0 గురించి కూడా. ‘స్వభావం అనిశ్చితం’ అని పాథాలజిస్టు తేల్చి చెప్పినప్పుడే దాన్ని వేయాలి. ‘రిపోర్టు ఇంకా రాలేదు’ అన్నది అనిశ్చితం కిందికి రాదు. ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో మరో పేచీ ఉంది. పాథాలజీలో ఉన్నా, చికిత్స చేస్తున్న వైద్యుడు తన నోట్‌లో రాయకపోతే ఆసుపత్రి కోడర్ ఆ రిపోర్టు ఒక్కదాని మీద కోడ్ వేయలేడు, ప్రశ్న పంపాలి. ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోయిందని ల్యాబ్ చెప్పినా అంతే. డాక్టరు రాయనిదే, ఆపరేషన్ వల్ల పారాథైరాయిడ్ మందగించిందని చెప్పే ఈ89.2 (E89.2) మీ సొంత తీర్మానం అవుతుంది.

థైమస్, కెరోటిడ్ బాడీ, థైరోగ్లాసల్ తిత్తి?

థైమస్‌ను మెడ దారిలో తీస్తే 60520. ఛాతీ ఎముక చీల్చో, ఛాతీలోంచో తీస్తే 60521. దానికి మీడియాస్టినం రాడికల్ డిసెక్షన్ తోడైతే 60522. కెరోటిడ్ బాడీ కణితిని ధమని తీయకుండా తీస్తే 60600, ధమనితో తీస్తే 60605. మెడలో పుట్టుకతో వచ్చే థైరోగ్లాసల్ తిత్తికి 60280, మళ్లీ వచ్చినదైతే 60281, చీము పట్టి కోసి వదిలితే 60000. రోగనిర్ధారణ క్యూ89.2.

మా ప్రాజెక్టు ఇన్‌పేషెంట్ ఆసుపత్రి కోడింగ్. అక్కడ ఇవేవీ వాడరు కదా?

అవును, మీకు ఐసీడీ-10-పీసీఎస్. 2015 అక్టోబరు 1 నుంచి అమెరికా ఆసుపత్రుల ఇన్‌పేషెంట్ ఆపరేషన్లకు అదే. ఏడు స్థానాల కోడ్‌లో రెండో స్థానంలో జీ అక్షరం ఎండోక్రైన్‌ది. సీపీటీ నుంచి మారినవారిని ఇబ్బంది పెట్టేది గ్రంథుల పంపకం. సీపీటీ నాడీ వ్యవస్థలో పెట్టిన పీయూష గ్రంథి ఇక్కడ ఎండోక్రైన్‌లోకి వచ్చింది. సీపీటీలో ఎండోక్రైన్‌లో ఉన్న థైమస్ ఇక్కడ శోషరస వ్యవస్థకు పోయింది.

లోబు మొత్తం తీస్తే రిసెక్షన్, కొంత తీస్తే ఎక్సిషన్. పీసీఎస్‌లో ఒక్కో లోబూ విడి శరీరభాగం కాబట్టి కుడి లోబు మొత్తం తీయడం కూడా రిసెక్షనే. ఇస్తమస్‌కూ సొంత విలువ ఉంది. కణుపుల్లో ఒక లెవెల్ మొత్తం తీస్తే రిసెక్షన్, రెండు మూడు ఏరుకుంటే ఎక్సిషన్.

సీపీసీ పరీక్షలో ఈ అధ్యాయం నుంచి ఎంత వస్తుంది?

అమెరికా కోడర్ల సంస్థ ఏఏపీసీ కోడర్ ధ్రువపత్రం కోసం నిర్వహించే సీపీసీ నాలుగు గంటల పరీక్ష. వంద ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 70 శాతం. 60000 వరుస అంతటికీ కలిపి ఆరు ప్రశ్నలు, అందులో నాడీ వ్యవస్థ, కన్ను, చెవి కూడా ఉంటాయి. కనుక ఎండోక్రైన్ నుంచి ఒకటో రెండో. పుస్తకం తెరిచి రాసే పరీక్షే కాబట్టి కోడ్లు బట్టీపట్టొద్దు. 60240 నుంచి 60271 వరకు ఉన్న పేజీలో తేడా చెప్పే మాటల కింద పెన్సిలుతో గీతలు పెట్టుకోండి.

నోట్ స్పష్టంగా లేకపోతే డాక్టరుకు ప్రశ్న ఎలా పంపాలి?

జవాబును ప్రశ్నలోనే నోటికి అందించకూడదు. ‘మీరు 60252 చేశారు కదా?’ అని అడగడం నిబంధనలకు విరుద్ధం. ‘మూడో పేరాలో ఆరో లెవెల్ కణుపుల ప్రస్తావన ఉంది, పాథాలజీలో కణుపులు నమోదయ్యాయి. మెడ డిసెక్షన్ జరిగిందా, జరిగితే ఎంతవరకు, దయచేసి స్పష్టం చేయండి’ అని రాయండి. జవాబు నోట్‌కు సవరణగా రావాలి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

ఏ ఏడాది పుస్తకం వాడాలి?

మీరు కోడ్ వేస్తున్న తేదీని బట్టి కాదు, రోగికి చికిత్స జరిగిన తేదీని బట్టి. సీపీటీ ఏటా జనవరి 1న మారుతుంది. ఐసీడీ అక్టోబరు 1న మారుతుంది, కొన్ని మార్పులు ఏప్రిల్‌లోనూ వస్తాయి. థైరాయిడ్ గడ్డను రేడియోఫ్రీక్వెన్సీ వేడితో మాడ్చే చికిత్సకు 2025 పుస్తకంలో 60660 వచ్చింది. ఒక లోబులోనో ఇస్తమస్‌లోనో ఎన్ని గడ్డలున్నా ఒకటే, స్కాన్ సాయం అందులోనే ఉంది. మరో లోబు కూడా చేస్తే 60661 తోడవుతుంది. అదే చికిత్స 2024 డిసెంబరు 30న జరిగి, ఫైలు మీ వర్క్ క్యూలోకి ఫిబ్రవరిలో వస్తే, దానికి ఇంకా 60699నే వేసి, పని వివరం జతచేసి పంపాలి.